కోసే హక్కు ఒక్కటే ఇచ్చారు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కర్నూలులో ఖజానా శాఖ విశ్రాంత అధికారి ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడిగారని ఫోన్ రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? నాయనా, ఆ ఫ్యాను రొంత తగ్గించు. నాకన్నా అదే ఎక్కువ మాట్లాడుతోంది.

నన్ను పిలిచినవాళ్లు బడ్జెట్ గురించి చెప్పమన్నారు. బడ్జెట్ గురించి పేపర్లలో రంగుల బొమ్మలేసి మరీ చెప్తారు. 2025-26కి మన రాష్ట్ర బడ్జెట్ 3.22 లక్షల కోట్ల రూపాయలు. వింటే మీకేమన్నా అనిపించిందా? నిజం చెప్పండి. ముప్పై ఏళ్లకు పైగా ట్రెజరీలో బిల్లులు పాస్ చేసినవాణ్ణి, నాకే ఏమీ అనిపించదు. మన గుప్పిట్లో పట్టే అంకె కాదది. అందుకని పెద్ద అంకె పక్కన పెట్టి చిన్నదొకటి చూద్దాం.

ఇది మా ఇంటి పన్ను రసీదు. ముందు వరసలో ఉన్న సార్‌కి ఇస్తున్నా. ఒకరి తర్వాత ఒకరు చూడండి, చించొద్దు. ఇంటి పన్ను కింద ఇంకో వరస ఉంది, గ్రంథాలయ పన్ను అని. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలు చేసేది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. పొద్దున్నే వచ్చి కుర్చీ మీద టవలేసి సీటు పట్టుకుంటారే, గ్రూప్స్ చదివే పిల్లలు, మీకే చెప్తున్నా. మీరు కూర్చునే కుర్చీకి, మీ నెత్తిన తిరిగే ఫ్యానుకు డబ్బులు ఆ 8 పైసల్లోంచి రావాలి. రావాలి అన్నాను, వస్తున్నాయి అనలేదు. ఆ సంగతి తర్వాత. రసీదు మాత్రం నాకు తిరిగి రావాలి.

సరే. పన్ను వేయాలంటే చట్టం ఉండాలి. రాజ్యాంగంలో 265వ అధికరణం ఒకే ఒక్క వాక్యం, పోటీ పరీక్షల పిల్లలకు నోటికొచ్చే ఉంటుంది. మరి ఖర్చు పెట్టాలంటే? దానికీ అసెంబ్లీ ఒప్పుకోవాలి. శాఖలవారీగా డిమాండ్లు, అంటే ఈ శాఖ ఖర్చుకు ఇంత కావాలనే పద్దులు, పెడతారు, మన రాష్ట్రంలో నలభై దాకా ఉంటాయి. వాటిని సభ ఏం చేయొచ్చో 203వ అధికరణం చెప్తుంది. ఒప్పుకోవచ్చు. వద్దనొచ్చు. తగ్గించి ఒప్పుకోవచ్చు. అంతే, నాలుగోది లేదు.

పెంచడం అనేది లేదు, గమనించారా? మన ఎమ్మెల్యే లేచి "మా ఊరి ఆసుపత్రికి ఇంకో కోటి ఇవ్వండి" అని మంత్రిని అడగొచ్చు, బతిమాలొచ్చు, పోట్లాడొచ్చు. ఓటేసి ఆ కోటి పెంచే హక్కు మాత్రం 175 మందిలో ఒక్కరికీ లేదు. అందరూ కలిసినా లేదు. డిమాండు గవర్నరు సిఫారసుతోనే రావాలి, అంటే ప్రభుత్వం నుంచే రావాలి. ఇంటి పెద్ద నెల సామాన్ల చీటీ రాసి గోడకు తగిలించాడనుకోండి. మిగతావాళ్ల చేతికి పెన్సిలిచ్చి, "కొట్టేయాలనుకుంటే కొట్టేయండి, కొత్తగా మాత్రం ఏదీ రాయకండి" అన్నట్టు. మనకిచ్చింది కోసే హక్కు ఒక్కటే.

ఆ చీటీలో కూడా కొన్ని ఐటాలు కొట్టేయడానికి లేదు. అప్పుల మీద వడ్డీ, హైకోర్టు జడ్జీల జీతాలు, గవర్నరు జీతభత్యాలు. ట్రెజరీలో వీటిని 'ఛార్జ్‌డ్' అంటాం. సభలో వీటి మీద మాట్లాడొచ్చు గానీ ఓటింగు ఉండదు. వడ్డీ పెరిగేకొద్దీ సభ చెయ్యి పడే భాగం తగ్గిపోతూ ఉంటుంది. ఈ ఏడాది చేసిన అప్పుకు వడ్డీ ఏళ్ల తరబడి కట్టాలి. ఇంకా ఎన్నిక కాని ఎమ్మెల్యేల ఓటు కూడా ఇవాళే కోసేసినట్టు.

ఇప్పుడు కోత తీర్మానాలకు వస్తా, అంటే ఫలానా డిమాండు తగ్గించండి అని సభ్యుడు పెట్టేవి. మూడు రకాలు. ఈ విధానమే మాకు నచ్చలేదు అని చెప్పేది ఒకటి. అప్పుడేమంటారంటే, ఈ డిమాండును ఒక్క రూపాయికి తగ్గించండి అంటారు. వేల కోట్ల డిమాండు, ఒక్క రూపాయికి! రెండోది పొదుపు కోత. ఫలానా ఖర్చు దండగ, ఇంత తగ్గించండి అని అంకె చెప్పాలి. మూడోది నూరు రూపాయల కోత. ఇది నాకు భలే ఇష్టం.

ఎందుకంటారా? నీటిపారుదల డిమాండు వేల కోట్లుంటుంది. అందులో నూరు రూపాయలు తగ్గిస్తే ఎవరికేం నష్టం? ఇవాళ నూరు రూపాయలకు ఇద్దరు టిఫిన్ చేసి కాఫీ తాగలేరు. కానీ ఆ నూరు అడ్డం పెట్టుకుని సభ్యుడు ఏం చేస్తాడు? "కేసీ కాలువలో పూడిక తీయలేదు, చివరి తూములకు నీళ్లందడం లేదు, అందుకని ఈ డిమాండులో నూరు రూపాయలు తగ్గించాలి" అని రాసిస్తాడనుకుందాం. కాలువ పేరు, తూము పేరు, ఊరి పేరు రికార్డుకెక్కుతాయి. మంత్రి సమాధానం చెప్పుకోవాలి. మన పక్క పెద్దోళ్లు పంచాయితీలో ఐదు రూపాయల తప్పు వేసేవాళ్లు గుర్తుందా? డబ్బు కోసమా వేసింది? నలుగురిలో తప్పు తప్పని చెప్పడానికి. ఈ నూరూ అట్లాంటిదే.

మరి నెగ్గుతాయా? నెగ్గవు. నెగ్గితే ప్రభుత్వం మీద సభకు నమ్మకం పోయినట్టే లెక్క. అందుకని అధికార పక్షం సభ్యుడికి అది ఎంత న్యాయంగా కనిపించినా చెయ్యెత్తడు. ఇక ఆఖరి రోజు గిలెటిన్ వేస్తారు. చర్చకు రాని డిమాండ్లన్నీ వరసగా చదివి, అవునన్నవారు, కాదన్నవారు, ఆమోదించడమైనది. మేము ఆఫీసులో టీవీలో చూసేవాళ్లం. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపల కొన్ని వేల కోట్లు పాసైపోయేవి. అదే మా టేబుల్ దగ్గర హాస్టల్ వార్డెన్ బిల్లులో ఒక్క సంతకం తక్కువైతే వెనక్కి పంపేవాళ్లం. నవ్వకండి. పంపింది నేనే.

వార్డెన్ అంటే గుర్తొచ్చింది. అప్పటికింకా సీఎఫ్ఎంఎస్, అంటే బిల్లులు కంప్యూటర్లో పాస్ చేసే పద్ధతి, రాలేదు, బిల్లులన్నీ కాగితాల మీదే. ఒక మార్చి 31 రాత్రి. ఆ రాత్రి ట్రెజరీ ఎట్లుంటుందో చూసినవాళ్లకే తెలుసు. మెట్ల మీద, వరండాలో, స్కూటర్ల మీద, ఎక్కడ చూసినా బిల్లులు పట్టుకున్న మనుషులే. ఒక వార్డెన్ కందిపప్పు, కూరగాయల బిల్లు తెచ్చాడు. పిల్లలు తినేశారు, షాపువాడికి బాకీ. ఆ ఖర్చుకు రాసిన పద్దులో, మేం హెడ్డు అంటాం, బడ్జెట్ ఉంది. ఆఖరి మూడు నెలల రిలీజ్, అంటే ఆ డబ్బు వాడుకోమనే ఉత్తర్వు, మాత్రం రాలేదు. "సార్, అసెంబ్లీలో పాసైంది కదా" అన్నాడు పాపం. పాసైంది అప్పా, రిలీజ్ కాలేదు అన్నాను. "పాసైనదాన్ని ఆపేదెవరు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఆ డబ్బు ల్యాప్స్, ఇక వాడటానికి లేదు. అతను కాసేపు అక్కడే నిలబడి, బిల్లు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ మడతలు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి. ఎందుకంటే కోత అంటే నిజంగా అదీ. సభలో నూరు రూపాయల కోత నెగ్గదు. సభ బయట మాత్రం కోతలు పడుతూనే ఉంటాయి. రిలీజ్ ఇవ్వకపోతే కోత. ఒక హెడ్డు నుంచి ఇంకో హెడ్డుకు మళ్లిస్తే కోత. ఫ్రీజింగ్ పెడితే, అంటే బిల్లుల చెల్లింపు ఆపేస్తే, కోత. ఎవరూ తీర్మానం పెట్టలేదు, ఎవరూ ఓటేయలేదు. పథకం రద్దు చేశామని ఎక్కడా ఉండదు, పథకం మాత్రం నడవదు.

మన సభ పన్ను మీద, ఖర్చు మీద నిజంగా ఎప్పుడూ తలపడలేదా అంటే, తలపడింది. ఎక్కడో కాదు, ఇదే కర్నూల్లో. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని. ఆఫీసులు చాలక గుడారాలు వేశారు. మీ ఇళ్లల్లో ముసలివాళ్లు చెప్పే ఉంటారు. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, మన అనంతపురం నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. అప్పటి పెద్ద గొడవేంటంటే మద్యనిషేధం.

దీనికి ముందు కథ కొంచెం చెప్పాలి. మద్రాసులో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. తర్వాత చిత్తూరుకు, మన కడపకు తెచ్చారు. మంచిదే. కానీ సారా, కల్లు మీద వచ్చే రాబడి పోయిందే, ఆ గుంత ఎట్లా పూడ్చాలి? 1939లో అమ్మకం పన్ను వేశారు. దేశంలో సరుకులన్నిటి మీదా అమ్మకం పన్ను అలా మొదలైంది. అక్కడినుంచి వ్యాట్, వ్యాట్ నుంచి జీఎస్టీ. మీరు ఇవాళ సబ్బు కొని కట్టే పన్నుకు ముత్తాత ఎవరంటే ఆ రోజు మూతపడిన కల్లంగడి. ఒక పన్ను తీసేస్తే ఇంకోటి వస్తుంది. ఖజానాకు ఖాళీ అంటే పడదు.

సరే, మళ్లీ కర్నూలుకు. కొత్త రాష్ట్రం, ఖాళీ ఖజానా, పైగా నిషేధం. ఇటు గీత కార్మికుల బతుకు పోయింది, వాళ్ల తరఫున గౌతు లచ్చన్న పోరాటం. నిషేధం ఉంచాలా తీయాలా తేల్చమని రామమూర్తి కమిటీ వేశారు. ఎత్తేయమంది కమిటీ. ప్రభుత్వం ఎత్తేయలేదు. 1954 నవంబర్‌లో అవిశ్వాసం పెట్టారు. ఒక్క ఓటు. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. కమిటీ వేసి, దాని మాట వినకుండా పక్కన పెడితే ఏమవుతుందో ఈ ఊళ్లో చూశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా కమిటీలు ఎన్ని వేయలేదు, ఎన్ని పక్కన పెట్టలేదు! ఏ ప్రభుత్వమూ మళ్లీ అట్లా పడలేదు. కమిటీలు తెలివి మీరాయా, ప్రభుత్వాలు తెలివి మీరాయా, మీరే ఆలోచించుకోండి.

ఇప్పుడైతే పన్నుల మీద సభలో కొట్లాడుకోవడానికి పెద్దగా మిగల్లేదు. 2017 జులై 1 నుంచి జీఎస్టీ. రేట్లు తేల్చేది జీఎస్టీ కౌన్సిల్. అక్కడ మన ఆర్థిక మంత్రి కూర్చుంటారు, మన సభ కూర్చోదు. కేంద్రం ఓటుకు మూడోవంతు విలువ, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండొంతులు, ఏదైనా నెగ్గాలంటే నాలుగింట మూడొంతులు. లెక్క వేసుకోండి, కేంద్రం వద్దంటే ఏదీ కదలదు. రాష్ట్రానికి మిగిలింది మద్యం, పెట్రోలు, రిజిస్ట్రేషన్లు, బండ్ల పన్ను, ఇంకొన్ని చిల్లర. పెట్రోలు మీద మన రాష్ట్రం వేసే వ్యాట్ 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఆదోని, హాలహర్వి పక్కవాళ్లు చెయ్యెత్తండి. కర్ణాటకలో ట్యాంకు నింపుకొస్తారా లేదా? పన్ను మీద సభలో జరగని చర్చ బోర్డర్ బంకుల దగ్గర జరిగిపోతోంది.

ఇక కమిటీలు. మూడు ముఖ్యం. అంచనాల కమిటీ, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ, ప్రజా పద్దుల కమిటీ. ఆ మూడోదాన్నే పీఏసీ అంటాం. ఒక్కోదాంట్లో తొమ్మిది మంది ఎమ్మెల్యేలు, ముగ్గురు ఎమ్మెల్సీలు. మొదటి రెండూ ఇప్పటికి వదిలేద్దాం, పీఏసీ చూద్దాం. కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ అధికారి, ఆడిట్ చేసి ఇచ్చిన నివేదిక గవర్నరు ద్వారా సభ ముందుకొస్తుంది. కట్టలు కట్టలు. సభలో పెట్టిన రోజు పేపర్లో రెండు రోజులు హడావుడి, ఆ తర్వాత అది పీఏసీ గదికి పోతుంది. అక్కడ తలుపులు మూసుకుని ఒక్కో పేరా తీస్తారు. జవాబు చెప్పేది మంత్రి కాదు, శాఖ కార్యదర్శి. పక్కనే అకౌంటెంట్ జనరల్ ఆఫీసు వాళ్లు కూర్చుని ఉంటారు. "ఈ హెడ్డులో ఇంత మిగిలిపోయింది, ఎందుకు ఖర్చు పెట్టలేదు? ఆ హెడ్డులో ఒప్పుకున్నదానికన్నా ఎక్కువ ఎట్లా పెట్టారు?" ఇదీ వరస. ఎక్కువ పెట్టినదానికి సభ మళ్లీ ఒప్పుకోవాలి, 205వ అధికరణం. మా వార్డెన్ మడత పెట్టుకున్న బిల్లు ఉంది చూశారా, అది బయటపడితే గిడితే అక్కడే. 'మిగులు' అనే పేరుతో. ఎంత అందమైన పేరు! పిల్లల పప్పు బాకీకి కాగితం మీద పేరు మిగులు.

పీఏసీకి మన సీమకూ ఒక బంధం ఉంది. ఎవరన్నా చెప్తారా? పీఏసీ ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికివ్వడం ఆనవాయితీ. రాష్ట్రం విడిపోయాక 2014లో ఛైర్మన్ నంద్యాల భూమా నాగిరెడ్డి. ఆయన తర్వాత డోన్ బుగ్గన రాజేంద్రనాథ్ రెడ్డి. 2019లో ఉరవకొండ పయ్యావుల కేశవ్. ముగ్గురూ మనవాళ్లే. అందులో బుగ్గన 2019లో ఆర్థిక మంత్రి అయ్యారు, పయ్యావుల 2024లో ఆర్థిక మంత్రి అయ్యారు. నిన్నటిదాకా ఈ ఖర్చుకు లెక్క చెప్పమని అడిగిన మనిషే రేపు లెక్క చెప్పాలి. 2021లో 41 వేల కోట్ల రూపాయల ఖర్చుకు సరైన పద్దులు లేవని పీఏసీ ఛైర్మన్‌గా పయ్యావుల గవర్నరు దాకా వెళ్లారు. అవి స్పెషల్ బిల్లులు, సిస్టంలో సర్దుబాట్లే తప్ప డబ్బు ఎక్కడికీ పోలేదని జవాబిచ్చింది ఎవరు? ఆర్థిక మంత్రి బుగ్గన, అంటే అంతకుముందు పీఏసీ ఛైర్మన్. ఎవరిది రైటో నేను చెప్పను, పెన్షన్ తీసుకునేవాణ్ణి. కానీ ఆ వాదనను చూడండి. అడిగేవాడికి ఎక్కడ గిల్లాలో తెలుసు, చెప్పేవాడికి ఎక్కడ గిల్లుతారో తెలుసు. అట్లాంటి వాదన సభలో గిలెటిన్ రోజున వస్తుందా?

2024లో ఆ ఆనవాయితీ తెగింది. తొమ్మిది మందిని ఎన్నుకోవాలి, ఒకరు గెలవాలంటే 18 ఓట్లు కావాలి. ప్రతిపక్షానికి ఉన్నది 11. ఎన్నికను వాళ్లు బహిష్కరించారు, ఛైర్మన్ అధికార కూటమి నుంచే వచ్చారు. రూలు ప్రకారం తప్పేమీ లేదు. కానీ అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ ఒకే పక్క కూర్చుంటే ఆ గదిలో టీ బాగుంటుంది, మాట బాగుండదు. నా అభిప్రాయం ఇది, మీకు వేరే ఉండొచ్చు.

బయట ఎట్లుందో రెండు ముక్కలు. కేరళలో 1980 నుంచి సబ్జెక్ట్ కమిటీలున్నాయి. సభలో డిమాండ్లు ఓటుకు రాకముందే కమిటీలు చూస్తాయి. మనకు పీఏసీ అంటే ఖర్చయ్యాక శవపరీక్ష, అక్కడ ముందే నాడి పట్టుకుంటారు. అట్లని కేరళ బంగారమనుకోకండి, ఆ కమిటీలకు ఛైర్మన్ ఆ శాఖ మంత్రే.

అమెరికా రాష్ట్రాల్లో ఇంకో రకం. పన్నులకో కమిటీ, ఖర్చుకో కమిటీ. తలుపులు తెరిచే ఉంటాయి. టీచరో, రైతో వచ్చి మైకు ముందు కూర్చుని రెండు మూడు నిమిషాలు తన గోడు చెప్పుకుంటారు. నేను వీడియోలు చూశాను. కాన్సాస్ అని ఒక రాష్ట్రం. అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు. 2012లో గవర్నర్ బ్రౌన్‌బ్యాక్ ఆదాయపు పన్ను బాగా కోశాడు, చిన్న వ్యాపారాల ఆదాయం మీద పన్ను పూర్తిగా తీసేశాడు. పన్ను తగ్గితే వ్యాపారం పెరిగి రాబడి అదే వస్తుందన్నాడు. రాలేదు. స్కూళ్లకు, రోడ్లకు డబ్బు కరువైంది. 2017లో సభలు ఆ కోతను వెనక్కి తీసుకున్నాయి. గవర్నర్ వీటో చేశాడు. మూడింట రెండొంతుల ఓట్లతో ఆ వీటోను కూడా కొట్టేశారు, అందులో ఆయన సొంత పార్టీవాళ్లు చాలామంది. అక్కడ సభ్యుడు సొంత గవర్నర్‌కు ఎదురు ఓటేసినా ప్రభుత్వం పడిపోదు. ఇక్కడ పడిపోతుంది. మనవాళ్లు చెయ్యెత్తకపోవడానికి ధైర్యం లేక అని తిడతాం గానీ, సగం కారణం ఈ ఏర్పాటులోనే ఉంది.

టైమెంతయింది? సరే, ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర తెల్ల చొక్కా బాబు... ఏమంటున్నాడు? "8 పైసలు ఎక్కడికి పోతున్నాయి సార్" అంటున్నాడు. మరిచిపోలేదన్నమాట, మంచిది.

చట్టం ప్రకారం ఆ డబ్బు ఇంటి పన్నుతో కలిపి మున్సిపాలిటీ, పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. వసూలు దాకా బాగానే జరుగుతుంది. తర్వాత అక్కడ జీతాలకు కటకట వస్తుంది, కరెంటు బిల్లు వస్తుంది. చేతిలో ఉన్న డబ్బు కదా, వాడేస్తారు. నా సర్వీసులో ఒక చోట, ఊరి పేరొద్దు, గ్రంథాలయం ఆయన చెక్కు కోసం వారం వారం వచ్చి, కమిషనర్ గది బయట బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని పోయేవాడు. చేతిలో ఏదో ఒక పుస్తకం ఉండేది. ఆ బెంచీ మీద నేను పూర్తి చేసిన పుస్తకాలు లైబ్రరీలో కూడా చదవలేదు అనేవాడు. ఇదీ కోతే కదా బాబూ? ఏ సభలో పెట్టారు దీన్ని?

నువ్వు చేయగలిగిందేంటంటే, బడ్జెట్ పుస్తకాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్లో ఉంటాయి. 2205 హెడ్డు తెరువు, కళలు, సంస్కృతి అని ఉంటుంది. అందులో 105 అంటే ప్రజా గ్రంథాలయాలు. ఈ ఏడాది ఎంత రాశారో, రెండేళ్ల కింద నిజంగా ఎంత ఖర్చయిందో పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండు అంకెలు రాసుకుని మీ ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చిరా. నూరు రూపాయల కోత తీర్మానానికి అంతకన్నా సరుకు అక్కర్లేదు.

అన్నట్టు నా రసీదు ఎవరి దగ్గర ఆగింది? కావాలంటే ఫోటో తీసుకోమ్మా, కాగితం మాత్రం ఇచ్చేయండి. వచ్చే ఏడాది కట్టడానికి పోతే పాతది తెమ్మంటారు.